పెన్సిల్ సెల్లు, ఒక ఎల్‌ఎం317: చిన్న లేజర్ డయోడ్ కాలిపోకుండా నడిపే పద్ధతి

ముందే చెప్తున్నా, ఇది 5 మిల్లీవాట్ల లోపు ఎర్ర లేజర్ గురించి మాత్రమే. 650 నానోమీటర్లది, చిన్న ఇత్తడి గొట్టంలో ముందు ప్లాస్టిక్ లెన్స్ పెట్టి అమ్మేది (దీన్నే మాడ్యూల్ అంటారు), వంద రూపాయల లోపే వస్తుంది. పాత డీవీడీ రైటర్ విప్పి అందులోని డయోడ్‌తో అగ్గిపుల్ల అంటిస్తాం, బెలూన్ పేలుస్తాం అనేవాళ్లకు ఇందులో ఏమీ లేదు. దాని పవర్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ, స్టీలు గిన్నె మీద పడి తిరిగొచ్చిన వెలుగు కూడా మనం రెప్ప వేసేలోపే కన్ను పాడుచేయగలదు. దాని లెక్కలు నేను రాయను.

మనకు కావాల్సిన పనులకు 5 మిల్లీవాట్లు బోలెడు. మా చిన్నాయనకు పరకాల దగ్గర వడ్రంగి షెడ్డు ఉంది, కోత మిషన్ మీద చెక్క పెట్టినప్పుడు రంపం ఎక్కడ దిగుతుందో చూపించడానికి ఒక ఎర్ర గీత కావాలన్నాడు. అదే సరుకు స్కూల్ సైన్స్ ఫెయిర్‌కూ పనికొస్తుంది, సెల్‌ఫోన్ పాటను లేజర్ మీదుగా సోలార్ ప్లేట్ దాకా పంపే ప్రాజెక్టు హనుమకొండ, కరీంనగర్ స్కూళ్లలో ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. టైల్స్ వేసేటప్పుడు లెవెల్ చూసుకోవడానికీ వాడొచ్చు. ఈ అన్నింట్లో జనాన్ని సతాయించేది ఒక్కటే: మొదటిరోజు మెరిసిపోయిన లేజర్ రెండో రోజుకు మసకబారి, మూడో రోజుకు మామూలు ఎర్ర బల్బు అయిపోవడం. సరుకు డూప్లికేట్ అని దుకాణమాయనను తిడతారు గానీ చాలాసార్లు తప్పు సరుకుది కాదు, కరెంటు ఇచ్చిన తీరుది.

లేజర్ డయోడ్ చూడటానికి ఎల్‌ఈడీ లాగే ఉంటుంది గానీ స్వభావం వేరు. కరెంటు తక్కువ ఉన్నంతసేపు అది నిజంగా ఎల్‌ఈడీయే, మసక ఎరుపు. ఒక గీత దాటగానే లేజర్ మొదలవుతుంది, అక్కడినుంచి కరెంటు కొంచెం పెరిగితే వెలుగు చాలా పెరుగుతుంది. ఈ చిన్న ఎర్ర రకాల్లో ఆ గీత సుమారుగా 15 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉంటుంది, 25 నుంచి 30 వచ్చేసరికి దాని పని అది పూర్తిగా చేస్తుంది. అంతకు మించి ఇస్తే లోపలి చిప్పు అంచు కాలుతుంది. ఆ అంచే దానికి అద్దం, అద్దం పోతే లేజర్ పోయినట్టే, మిగిలేది ఎర్ర బల్బు. దీనికి సెకను కూడా అక్కర్లేదు, వైరు ఒక్కసారి వదులై మళ్లీ తగిలినప్పుడు వచ్చే చిన్న కరెంటు పోటు చాలు.

ఇక్కడే చాలామంది వోల్టేజీ గురించి టెన్షన్ పడతారు. "దీనికి 3 వోల్టులు కదా అన్నా, రెండు సెల్లు పెడితే సరిపోదా?" అని అడుగుతారు. రెండు సెల్లు పెడితే వెలుగుతుంది, నిజమే. కానీ కొత్త సెల్లు రెండూ కలిపితే 3.2 దాకా చూపిస్తాయి, వారం తర్వాత 2.6కు పడతాయి, డయోడ్‌కు ఈ తేడా కొద్దిపాటిది కాదు. పైగా డయోడ్ వేడెక్కిన కొద్దీ అది తీసుకునే వోల్టేజీ తగ్గుతుంది, అంటే మనం వోల్టేజీని బిగించి పట్టుకుంటే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే ఇంకా వేడి, ఇంకా కరెంటు. కాబట్టి పట్టుకోవాల్సింది కరెంటును. వోల్టేజీ ఎంత కావాలో డయోడే తీసుకుంటుంది.

దానికి ఎల్‌ఎం317 సరిపోతుంది. 1970ల నుంచి వస్తున్న చిప్పు, మూడు కాళ్లది, టీవీ మెకానిక్ దగ్గర అడిగినా ఉంటుంది. ఆయన దగ్గర లేకపోతే, హైదరాబాద్ పోయే పని ఉన్నప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఐదారు తెచ్చి పెట్టుకోండి. మామూలుగా దీన్ని వోల్టేజీ తగ్గించడానికి వాడతారు, కానీ దీనికి ఉన్న అసలు గుణం ఏంటంటే అవుట్ కాలుకూ అడ్జస్ట్ కాలుకూ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉండేలా చూసుకోవడం. ఆ రెండు కాళ్ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టి, అడ్జస్ట్ కాలు నుంచి లేజర్‌కు వైరు తీస్తే, ఆ రెసిస్టర్‌లో పోయే కరెంటే లేజర్‌లోనూ పోతుంది. కరెంటు ఎంతంటే 1.25ను ఓములతో భాగించడమే. 47 ఓములు పెడితే 26.6 మిల్లీ ఆంపియర్లు, 56 పెడితే 22.3, 68 పెడితే 18.4. పావు వాటు రెసిస్టర్ చాలు, అందులో ఖర్చయ్యేది 33 మిల్లీవాట్లే.

రెసిస్టర్ రంగులు మాత్రం రెండుసార్లు చూడండి. 47 ఓములు అంటే పసుపు, ఊదా, నలుపు. మూడో గీత గోధుమ రంగైతే అది 470, కరెంటు 2.7 మిల్లీ ఆంపియర్లే, లేజర్ మొదలే కాదు, అది ఫర్వాలేదు, ఏమీ పాడవదు. మూడో గీత బంగారు రంగైతే అది 4.7, కరెంటు 266 మిల్లీ ఆంపియర్లు, డయోడ్ ఖతం. ట్యూబ్‌లైట్ వెలుగులో నలుపూ గోధుమా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రంగులను నమ్మకుండా మల్టీమీటర్ పెట్టి కొలిచేయండి, అరనిమిషం పని.

ఎన్ని సెల్లు అనేది ఇప్పుడు తేలాలి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. లేజర్ తీసుకునేది సుమారు 2.3 వోల్టులు. రెసిస్టర్ మీద 1.25. చిప్పు తన పని చేయడానికి తనకంటూ కొంత ఉంచుకుంటుంది, ఈ తక్కువ కరెంటుకు అది 2 లోపే గానీ 2 అనే లెక్క వేసుకుందాం. మొత్తం 5.55. అయితే నాలుగు పెన్సిల్ సెల్లు 6 వోల్టులు కదా, చాలు అనిపిస్తుంది. కొత్త సెల్లు ఉన్నప్పుడు చాలు. ఒక్కో సెల్ 1.3కు దిగేసరికి మొత్తం 5.2, అప్పటికి సెల్‌లో ఇంకా సగానికి పైగా దమ్ముంటుంది, కానీ మన లేజర్ మసకబారడం మొదలవుతుంది. అందుకే ఆరు సెల్లు పెట్టండి. కొత్తగా 9 వోల్టులు, ఒక్కోటి 1 వోల్టుకు దిగినా ఇంకా 6 ఉంటుంది, అంటే సెల్ పిప్పి అయ్యేదాకా వెలుగు ఒకేలా ఉంటుంది. మంచి ఆల్కలైన్ పెద్ద పెన్సిల్ సెల్లు అయితే ఈ కరెంటుకు 70, 80 గంటలు వస్తాయి.

చార్జింగ్ కావాలంటే 18650 అనే లిథియం సెల్లు రెండు సిరీస్‌లో పెట్టండి. నిండా ఉన్నప్పుడు 8.4, ఖాళీ అయినప్పుడు 6, మన లెక్కకు చక్కగా కుదురుతుంది. ప్రొటెక్షన్ బోర్డు తప్పకుండా ఉండాలి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్లయితే మరీను, అవి షార్టయితే పోయేది లేజర్ కాదు, షెడ్డే. ఒకే ఒక్క 18650తో మాత్రం ఈ సర్క్యూట్ నడవదు. సైన్స్ ప్రాజెక్టు పిల్లలందరూ కొనే 9 వోల్టుల డబ్బా బ్యాటరీ కూడా పనిచేస్తుంది, కాకపోతే దానిలో సరుకు తక్కువ, ఎగ్జిబిషన్ ఒక రోజుకు ఓకే, షెడ్డులో రోజూ వాడటానికి దండగ.

ఈ పద్ధతిలో కరెంటు వృథా అవుతుంది, అది ఒప్పుకోవాలి. 8.4 వోల్టులు ఇచ్చి లేజర్‌కు చేరేది 2.3, మిగతాదంతా వేడే. కానీ ఎంత వేడి? 8.4లోంచి 2.3, 1.25 తీసేస్తే 4.85, దాన్ని 26.6 మిల్లీ ఆంపియర్లతో గుణిస్తే 0.13 వాటు. చిప్పు గోరువెచ్చగా కూడా తగలదు, హీట్ సింక్ (వేడి లాగే లోహపు ముక్క) అక్కర్లేదు. పెద్దగా వృథా లేకుండా వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్ బోర్డు పెట్టి ఆదా చేద్దాం అనేవాళ్లకు నేను చెప్పేది, ఆదా అయ్యేది పావలా, ఆ బోర్డు ఆన్ అయిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగిరితే పోయేది రూపాయి.

ఇక తీగలు కలపడం. చిప్పు మీద అక్షరాలు మనవైపు, కాళ్లు కిందికి పెట్టుకుంటే ఎడమది అడ్జస్ట్, మధ్యది అవుట్, కుడిది ఇన్. ఎప్పుడూ 5 వోల్టులే ఇచ్చే 7805 చిప్పుకు అలవాటైన చేతులు ఎడమవైపే ఇన్ అనుకుంటాయి, జాగ్రత్త. బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్, స్విచ్ నుంచి కుడి కాలు. మధ్య కాలు నుంచి రెసిస్టర్, రెసిస్టర్ రెండో కొస ఎడమ కాలుకు, ఆ ఎడమ కాలు నుంచే లేజర్ ప్లస్‌కు వైరు. లేజర్ మైనస్ నేరుగా బ్యాటరీ మైనస్‌కు. కుడి కాలుకూ మైనస్‌కూ మధ్య 104 అని రాసి ఉండే చిన్న బిళ్ల కెపాసిటర్, చిప్పుకు దగ్గరగా. లేజర్ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య ఒక 1ఎన్4148 డయోడ్, దాని నల్ల గీత లేజర్ ప్లస్ వైపు ఉండాలి, ఎవరైనా సెల్లు తిరగేసి పెడితే అది తన ఒంటి మీద వేసుకుంటుంది, ఎందుకంటే లేజర్ డయోడ్‌కు రివర్స్‌లో 2 వోల్టులు ఇచ్చినా ప్రమాదమే. మొత్తం ఒక చిన్న డాట్ బోర్డు ముక్క మీద పడుతుంది.

స్విచ్ గురించి నేను చెప్పినట్టే చేయండి. అది బ్యాటరీకీ చిప్పుకూ మధ్యే ఉండాలి, చిప్పుకూ లేజర్‌కూ మధ్య ఎప్పుడూ వద్దు. ఎందుకంటే లేజర్ తగలకుండా ఉన్నప్పుడు చిప్పు తన కరెంటును తోయడానికి దారి దొరక్క వోల్టేజీని పెంచుతూ పోయి దాదాపు బ్యాటరీ వోల్టేజీ దగ్గర నిలబడుతుంది. అక్కడ ఒక కెపాసిటర్ కూడా ఉంటే అది 7, 8 వోల్టులకు నిండి కూర్చుంటుంది. ఇప్పుడు మీరు లేజర్ వైరు తగిలిస్తే ఆ నిండిన చార్జీ అంతా ఒక్కసారిగా డయోడ్‌లోకి దిగుతుంది, చిప్పుకు అడ్డుకునే వ్యవధి కూడా ఉండదు. క్రొకొడైల్ క్లిప్పులతో "ఊరికే ఒకసారి చూద్దాం" అనేవాళ్ల లేజర్లన్నీ ఇలాగే పోతాయి. లేజర్‌ను సోల్డర్ చేయండి, క్లిప్పులు వద్దు, పిన్ కనెక్టర్లు కూడా వద్దు. వెలుగు ఊగకుండా 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టుకోవాలనుకుంటే, దాన్ని బోర్డు మీద కాకుండా లేజర్ కాళ్ల దగ్గరే సోల్డర్ చేయండి, ఆ రెండూ ఎప్పుడూ విడిపోకూడదు.

చిప్పు వెనక ఉండే లోహపు రెక్క సంగతి. అది లోపల అవుట్ కాలుకు కలిసి ఉంటుంది. లేజర్ ఇత్తడి గొట్టం కూడా చాలా మాడ్యూళ్లలో ఏదో ఒక వైరుకు కలిసి ఉంటుంది, ఎక్కువగా ప్లస్‌కు. ఈ రెండింటినీ ఒకే ఇనుప డబ్బాలో బిగించారనుకోండి, అవుట్ కాలూ లేజర్ ప్లసూ డబ్బా ద్వారా కలిసిపోతాయి, మధ్యలో ఉన్న రెసిస్టర్ ఉన్నా లేనట్టే, కంట్రోల్ పోయి డయోడ్ ఆ క్షణమే పోతుంది. సర్క్యూట్ బొమ్మలో ఇది కనపడదు, టేబుల్ మీద పెట్టి చూసినప్పుడు బాగానే వెలుగుతుంది, డబ్బాలో బిగించాక పోతుంది, ఎందుకు పోయిందో అర్థం కాదు. కాబట్టి చిప్పు మొత్తానికి హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగండి, లేదా ప్లాస్టిక్ డబ్బా వాడండి. మీ మాడ్యూల్ గొట్టం దేనికి కలిసిందో మల్టీమీటర్ బీప్ పెట్టి ముందే చూసుకోండి.

లేజర్‌ను కలపడానికి ముందు దొంగ లోడు పెట్టి పరీక్షించాలి. 1ఎన్4007 డయోడ్లు మూడు వరుసగా, వాటి వెనక ఒక 10 ఓముల రెసిస్టర్, ఇది లేజర్ స్థానంలో. మూడు డయోడ్లు కలిసి 2.1 వోల్టుల దాకా తీసుకుంటాయి కాబట్టి చిప్పుకు లేజర్ ఉన్నట్టే లెక్క. స్విచ్ వేసి 10 ఓముల రెసిస్టర్ మీద వోల్టేజీ కొలవండి. సెట్టింగ్ రెసిస్టర్ 47 అయితే 266 మిల్లీవోల్టుల దగ్గర, 68 అయితే 184 దగ్గర రావాలి. స్విచ్ నాలుగైదుసార్లు వేసి ఆర్పండి, సెల్ హోల్డర్‌ను కదిలించండి, అంకె మారకూడదు. మల్టీమీటర్‌ను కరెంటు రేంజ్‌లో పెట్టి మధ్యలో కలపడం కన్నా ఇది మంచి పద్ధతి, చౌక మీటర్లలో కరెంటు వైపు ఫ్యూజు ఎప్పుడో పోయి ఉంటుంది, మనకు తెలియదు.

అంకె సరిగ్గా వచ్చాక సెల్లు తీసేయండి. లేజర్ రెండు వైర్లనూ సన్నటి రాగి తీగతో ఒకదానికొకటి చుట్టి షార్ట్ చేసి ఉంచండి, సోల్డరింగ్ అయ్యేదాకా అలాగే ఉండాలి, ఒంటి మీది స్టాటిక్‌కు కూడా ఈ డయోడ్ చస్తుంది. పాలిస్టర్ చొక్కాతో కూర్చుంటే ముందు కిటికీ ఊచను ముట్టుకోండి. సోల్డరింగ్ ఐరన్ సంగతి కూడా చూడండి, రెండు పిన్నుల చౌక ఐరన్లు చాలావాటికి కొన మీద టెస్టర్ పెడితే వెలుగుతుంది. అలాంటిదైతే బాగా వేడిచేసి, ప్లగ్గు పీకేసి, ఆ వేడితోనే రెండు అతుకులూ వేసేయండి. తర్వాత రాగి తీగ విప్పి, అప్పుడు సెల్లు పెట్టండి.

మొదటిసారి 68 ఓములతో మొదలుపెట్టండి. లేజర్‌ను ఒక స్టాండుకు బిగించి మూడు నాలుగు అడుగుల దూరంలో అట్టముక్క మీదికి తిప్పండి. గ్రానైట్ బండ, అద్దం, స్టీలు సామాను మీదికి వద్దు. చుక్క మసకగా, పరుచుకున్నట్టు ఉంటే ఇంకా ఎల్‌ఈడీ దశలోనే ఉందన్నట్టు. లేజర్ మొదలైతే చుక్క పదునుగా ఉండి, మనం తల కొంచెం కదిపినప్పుడు దానిలో సన్నటి ఇసుక కదులుతున్నట్టు మెరుపులు కనిపిస్తాయి. మసకగా ఉంటే స్విచ్ ఆర్పి 56 పెట్టండి, అదీ చాలకపోతే 47. అక్కడితో ఆపండి. 47తో చాలనిది 39తో బాగుపడుతుందని ఆశపడొద్దు, ఆ డయోడ్ అప్పటికే దెబ్బతిన్నదై ఉంటుంది. ప్రీసెట్ (తిప్పి ఓములు మార్చుకునే చిన్న రెసిస్టర్) పెట్టుకోవాలంటే 47 ఓముల స్థిర రెసిస్టర్‌తో సిరీస్‌లోనే పెట్టండి, ఒంటరిగా కాదు, పెడితే దాని మధ్య కాలును ఒక పక్క కాలుకు కలిపేయండి, లోపల కాంటాక్టు ఊడినా కరెంటు తగ్గుతుందే గానీ పెరగదు.

మాడ్యూల్ మీద 5 వోల్టులు అని ఉంటే లోపల ఇప్పటికే ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది, అది తన వాటాగా ఇంకో 2 వోల్టులకు పైనే తింటుంది, మన ఆరు సెల్ల లెక్క తప్పుతుంది. దాన్ని విప్పి రెసిస్టర్ పీకే ఓపిక లేకపోతే ఎల్‌ఎం317 మాట వదిలేసి 7805 పెట్టండి, అదే ఆరు సెల్లతో నడుస్తుంది, మొత్తం వోల్టేజీ 7కు దిగేదాకా. వేడికి కరెంటు కాస్త అటూ ఇటూ అవుతుంది, ఒక రోజు ఎగ్జిబిషన్‌కు అదేం పెద్ద లెక్క కాదు.

మన దగ్గర ఎండాకాలం వేరే కథ. చాలా చౌక మాడ్యూళ్లకు రాసి ఉండే పరిమితి 40 డిగ్రీలు, మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం అంతకు మించే ఉంటుంది. వేడికి లేజర్ మొదలయ్యే గీత పైకి జరుగుతుంది, అదే కరెంటుకు వెలుగు తగ్గుతుంది. అది చూసి కరెంటు పెంచితే డయోడ్ బతకదు. ఇత్తడి గొట్టాన్ని అల్యూమినియం పట్టీలో బిగించండి, ప్లాస్టిక్ డబ్బాలోనే వదిలేయకండి, చెక్క పెట్టినప్పుడే వెలిగేలా నొక్కుడు స్విచ్ పెట్టుకోండి, ఎలాగూ రోజంతా వెలగాల్సిన అవసరం లేదు.

కళ్ల విషయం. లేబుల్ మీద 5 మిల్లీవాట్లు అని రాసినంత మాత్రాన నమ్మొద్దు, అమెరికాలోని కొలతల ప్రమాణాల సంస్థ నిస్ట్ 2013లో వెల్లడించిన పరీక్షల్లో 122 పాయింటర్లు కొలిస్తే ఎర్రవాటిలో 44 శాతం, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం పరిమితులు దాటాయి. కాబట్టి లేజర్ ఎత్తు మనిషి కంటికీ, కింద కూర్చున్న పిల్లల కంటికీ సమానంగా ఉండకుండా బిగించండి. కాజీపేట వైపు డాబా మీద నిలబడి రైలు మీదికి, లోకో పైలట్ ముఖం మీదికి కొట్టే సరదా ఉన్న పిల్లల చేతికి ఇవ్వొద్దు.

కోత మిషన్‌కు చుక్క కాకుండా గీత కావాలంటే లెన్స్ ముందు సన్నటి గాజు కడ్డీ అడ్డంగా అతికిస్తే చాలు, చుక్క దానికి అడ్డదిశలో గీతలా పరుచుకుంటుంది. కడ్డీని కొంచెం కొంచెం తిప్పుతూ రంపం గాడికి సరిపోయాకే జిగురు వేయండి. పొట్టు లెన్స్ మీద పేరుకుంటే గీత పాలిపోతుంది, అప్పుడు రెసిస్టర్ జోలికి పోకుండా ముందు ఒక మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి, స్విచ్ ఆర్పి.